దబ్బనంతో కుట్టిన కారు

నల్లపాడు స్టేషన్ రోడ్డులో నేను గడ్డం గీయించుకునే సెలూన్‌లో గోడకి ఒక టీవీ ఉంటుంది. అందులో ఎప్పుడూ పాత సినిమా పాటలో, వార్తల పేరుతో నలుగురు అరుచుకోవడమో వస్తుంటుంది. మొన్న ఆదివారం నా ముఖానికి సబ్బు నురగ పట్టించి, ఒక చేత్తో బ్లేడు మారుస్తూ, ఇంకో చేత్తో ఛానల్ మార్చుకుంటూ పోయాడు సెలూన్ అతను. మధ్యలో ఒక బొమ్మ వచ్చింది. ఎక్కడో దూరదేశంలో మోకాలెత్తు గడ్డి, గడ్డి మధ్య ఒక రేకుల షెడ్డు, షెడ్డు తలుపు ముందు టోపీ పెట్టుకున్న ఒక బొద్దు మనిషి. తలుపు ఇంకా తీయలేదు.

"ఆపు. అక్కడే ఉంచు," అన్నాను.

నా గొంతు ఎలా వినిపించిందో గాని, అతను వెంటనే రిమోట్ కింద పెట్టేశాడు. బొద్దు మనిషి తలుపు లాగాడు. లోపల దుమ్ము కొట్టుకుపోయిన పాత కారు. "ఓహ్ మిత్రమా, ఇది నిజమేనా!" అని అతని నోట తెలుగులో పలికించారు. పక్క కుర్చీలో జుట్టుకి రంగు వేయించుకుంటున్న పెద్దాయన నవ్వాడు.

"తుప్పు పట్టిన కార్లు చూట్టానికి ఏముందండీ అందులో? మన కొంపల్లో లేవా ఏంటి తుప్పు సామాన్లు?"

ఆయన ఊరికే అన్నాడు. నాకు జవాబు తెలుసు. మా బావే గనక అక్కడ ఉంటే, ఆ మాట అన్న మనిషిని కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. బావ పోయి ఏడాది దాటింది.

బావంటే మా అక్క భర్త. దర్శి పక్కన మెట్ట ఊరు వాళ్ళది. ఒకప్పుడు పొగాకు వేసేవాడు, తర్వాత పత్తి, ఆ తర్వాత మిర్చి. నేను గుంటూరులో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్ని. అందుకని ప్రతి వేసవిలోనూ బావ తన టిక్కీలు లారీకెత్తించుకుని నా దగ్గరికే తెచ్చేవాడు. టిక్కీ అంటే మా దగ్గర మిర్చి మూట. టిక్కీలన్నీ లోపల పెట్టించి, ధర కోసం కాచుకుని మా ఇంట్లో దిగేవాడు. ధర వచ్చేదాకా రైతుకి ఇంకో పనేముంది? పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్ళి నాలుగు కొట్ల ముందు నిలబడి, తుమ్ముకుంటూ తిరిగొచ్చి, స్నానం చేసి, మధ్యాహ్నం టీవీ ముందు కూర్చునేవాడు. ఆ కూర్చోవడంలోనే ఎప్పుడో ఈ పాత కార్ల కార్యక్రమం ఆయన కళ్ళబడింది.

అది చూసే తీరే వేరుగా ఉండేది. భుజం మీది తువ్వాలు ఒళ్ళోకి తీసి నాలుగు మడతలు పెట్టేవాడు. బొద్దు మనిషి ఎవరి షెడ్డు తలుపు దగ్గరికో నడుస్తుంటే, బావ రెండు కాళ్ళూ నేల మీంచి లేపి కుర్చీలో పెట్టేసుకునేవాడు, కింద నీళ్ళొచ్చినట్టు. ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. మా ఆవిణ్ణి కేకేసేవాడు.

"అమ్మాయ్, ఆ కుక్కర్ కాసేపు ఆపమ్మా. తలుపు తీస్తన్నారు."

"కుక్కరాపితే పప్పుడకదు అన్నయ్యగారూ."

"పప్పు రేపైనా ఉడుకుద్ది. తలుపు రేపు తియ్యరు."

మా ఆవిడ నిజంగానే స్టవ్ ఆపేసేది. నేను పప్పు లేకుండా అన్నం తిన్న రోజులు ఉన్నాయి.

తలుపు తీశాక అందరం కారు వైపు చూస్తాం కదా, బావ చూసేవాడు కాదు. ఆ షెడ్డు తాలూకు ముసలి రైతు ఎవరో పక్కన చేతులు జేబులో పెట్టుకుని నిలబడి ఉంటాడు. బావ కళ్ళన్నీ ఆయన మీదే. "కారుని కాదురా, ముసలోణ్ణి చూడు, ముసలోణ్ణి," అని నా మోకాలి మీద చరిచేవాడు. బొద్దు మనిషి ఏదో అడుగుతాడు, ముసలాయన చెప్పడం మొదలుపెడతాడు, గొంతు పూడుకుపోయి ఆగుతాడు. బావ తువ్వాలుతో ముక్కు తుడుచుకునేవాడు. తర్వాత కారుని లారీ మీద కెక్కించి తీసుకెళ్ళడం, ఇంజను విప్పడం, రంగెయ్యడం, మిలమిల మెరిసేలా చేసి వేలంలో పెట్టడం వస్తుంది. జనం ఆ కార్యక్రమం చూసేదే దానికోసం. బావ మాత్రం లారీ రాగానే లేచి దొడ్లోకెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు.

"ఇంటర్వెల్‌కే హాల్లోంచి లేచిపోయేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను బావా. అసలు కథ ఇప్పుడేగా మొదలయ్యేది?"

"ఇంకేం కథరా? రంగేస్తారు, అమ్మేస్తారు. మామూలే."

ఆ డబ్బింగువాళ్ళ 'మిత్రమా' ఆయనకి తెగ నచ్చింది. యార్డులో హమాలీని మిత్రమా అన్నాడు. దళారీని మిత్రమా అంటే వాడు తన పేరు మర్చిపోయారేమోనని చిన్నబుచ్చుకున్నాడు. మా పాలామెని కూడా అనబోయి నాలిక్కరుచుకున్నాడు. నన్నైతే పిలిచిన ప్రతిసారీ, "ఒరేయ్ మిత్రమా," అనేవాడు. బావమరిదిని గాబట్టి 'ఒరేయ్' వదల్లేదు.

ఒకసారి నేనే విసుక్కున్నాను. రోజూ ఆ తుప్పు ఏంటి బావా, ఏముంది అందులో అని. ఆయన టీవీ గొంతు తగ్గించి నా వైపు తిరిగాడు. బావ టీవీ గొంతు తగ్గించాడంటే అది పెద్ద విషయమే.

"వాడెంత దూరం నుంచొచ్చాడ్రా? ఎవరి కోసం? ఆ ముసలోడి కోసం. ముసలోడి ఇంట్లోవాళ్ళకే ఆ కారంటే విసుగు, అడ్డమని. వీడొచ్చి ముందు దాని మీద చెయ్యేస్తాడు. నవ్వడు చూడు. చెయ్యేసి, 'ఎప్పుడు కొన్నారు? ఎవరెవరెక్కారు? ఎందుకు ఆపేశారు?' అని అడుగుతాడు. ముసలోడు చెప్తా ఉంటే మధ్యలో మాట తుంచడు. అదిరా. మననెవుడన్నా అడిగాడంట్రా ఎప్పుడన్నా?"

"నిన్నేం అడగాలి బావా?"

"అదే మరి. ఏం అడగాలో కూడా మీకు తెలవదు."

నేను నవ్వేశాను. ఆయనా నవ్వాడు. మళ్ళీ గొంతు పెంచుకుని కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

ఆ మాటల వెనకాల ఒక కారు ఉంది. బావకి సొంత కారు. తెల్ల అంబాసిడరు. పొగాకు బాగా పండిన ఒక ఏడు కొన్నాడట. ఆ ఊళ్ళో అదే మొదటి కారు. పేరుకి బావదే గాని ఊరందరిదీ. పెళ్ళికూతుళ్ళు అందులోనే అత్తారిళ్ళకి వెళ్ళారు. పురిటి నొప్పులొస్తే అర్ధరాత్రయినా అపరాత్రయినా అదే ఒంగోలు వెళ్ళాలి. వెనకసీట్లో పురిటి మనిషి తల ఒళ్ళో పెట్టుకుని మా అక్క కూర్చునేది. అక్కాబావలకి పిల్లలు లేరు. ఆసుపత్రి దాకా ఆగకుండా ఆ సీట్లోనే భూమ్మీద పడ్డ పిల్లలు మాత్రం ఆ ఊళ్ళో కొందరున్నారు. వాళ్ళు ఎదురైతే బావ, "ఏరా, నా కారుకి బాడుగ ఎప్పుడిస్తావు?" అని జబ్బ మీద కొట్టేవాడు.

ఊళ్ళోకి ఆటోలొచ్చాయి. నూటెనిమిది వచ్చింది. కారు ముసలిదైంది, సామాను దొరకడం మానేసింది. పొగాకు మానేసి మిర్చిలోకి దిగిన కొన్నాళ్ళకి బావ ఆ కారుని తన పొలంలోని బ్యారన్‌లో పెట్టాడు. పొగాకు ఆకుని వేడి మీద ఎండబెట్టడానికి కట్టే ఎత్తయిన ఇటుక గదిని అటువైపు బ్యారన్ అంటారు. దాని తలుపు చిన్నది. అందుకని ఒకపక్క గోడ పగలగొట్టించి, కారుని లోపలికి తోయించి, ఆ కంతకి రేకు తలుపు పెట్టించాడు.

ఊరికే తోయించి వదిలెయ్యలేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ముందు నేల మీద మిర్చి కళ్ళంలో పరిచే పట్టా పరిపించాడు. కారుని దొడ్లోనే నీళ్ళు పోసి రుద్ది రుద్ది కడిగాడు. లోపల సీట్లు కూడా తడిగుడ్డ పెట్టి తుడిచాడు. అక్క పసుపు రాసి బొట్లు పెట్టింది. కారుని పట్టా మీదికి తోశాక, పైనుంచి ఇంకో పట్టా కప్పి, కింది అంచూ పై అంచూ కలిపి, దబ్బనం, పురికొస తీసుకుని చుట్టూ కుట్టుకుంటూ వచ్చాడు. మూట కుట్టడంలో బావని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన కుట్టిన టిక్కీలోంచి ఒక్క కాయ జారేది కాదు. ఆ చేత్తోనే కారుని కుట్టేశాడు, చీమ దూరే సందు లేకుండా. పొద్దు వాలేసరికి పని అయిపోయింది. "ఎలకకి దారి లేదు, వానకి దారి లేదు. మనం పోయినా ఇది పోదు," అన్నాడు దబ్బనాన్ని చొక్కాకి గుచ్చుకుంటూ.

టీవీలో పాత కార్లు చూడటం మొదలయ్యాక ఆ మూట మీద ఆయనకి ఇంకో రకం ప్రేమ పుట్టింది. ఆ దేశంలో గడ్డి కింద, దుమ్ము కింద పడున్న కార్లకే వాళ్ళు అంత ఇదైపోతుంటే, కడిగి కుట్టి పెట్టిన తన కారుని చూస్తే ఏమైపోతారో అనేవాడు. ఒకసారి విప్పి చూసుకోవయ్యా, ఎలా ఉందో ఏమో అని అక్క అంటే ఒప్పుకోలేదు.

"విప్పితే ఇంకేముందే? మొదట చూసేది ఆ వచ్చేవాడే అవ్వాల."

"ఎవరొస్తారయ్యా?"

"వస్తాడులే."

తర్వాత మిర్చి మీదికి నల్ల తామరపురుగు వచ్చింది. పూత మీద పడి కూర్చునే పురుగు అది, కాయ కాదు కదా పిందె కూడా నిలవనివ్వదు. బావ చూసి ఊరుకునే మనిషి కాదు. ఎవడేం చెప్తే ఆ మందు కొట్టాడు. మందు మీద మందు కొట్టాడు. చేను ఎర్రబడాల్సిన రోజుల్లో గోధుమరంగుకి తిరిగింది. మరుసటి ఏడు మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే. ఆ వేసవిలో మా ఇంటికి టిక్కీలు రాలేదు, బావ ఒక్కడే వచ్చాడు. టీవీ పెట్టమని అడగలేదు. మేమే పెట్టాం.

నష్టం రాసుకోవడానికి ఒకాయన ఊళ్ళోకి వచ్చాడట. బావ ఉదయం నుంచీ గట్టు మీదే కాచుకుని ఉన్నాడు, ఆయనకి చెప్పాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకుని. వచ్చినాయన బండి దిగకుండానే ఫోను పైకెత్తి, "పెద్దాయనా, కొంచెం పక్కకి జరుగు. నువ్వు అడ్డమొస్తున్నావు, చేను పడట్లేదు," అన్నాడట. బావ పక్కకి జరిగాడు. ఆయన ఫొటో తీసుకుని సర్వే నంబరు అడిగి వెళ్ళిపోయాడు.

"సర్వే నంబరడిగాడ్రా," అన్నాడు నాతో. "అదొక్కటే అడిగాడు."

ఆ పైన పొలం చేజారింది. కొన్నవాళ్ళు చదును చేసుకుంటాం, బ్యారన్ పడగొట్టేస్తాం, లోపలి సామాను తీసుకెళ్ళమని కబురు పెట్టారు. వాళ్ళ తప్పేం లేదు. పాతినుప సామాన్ల వ్యాపారి ఆ సంగతి ఎలా తెలుసుకున్నాడో, ట్రాలీ ఆటో వేసుకుని వచ్చి ఇంటి ముందు ఆపాడు. ఎప్పుడూ ఎవర్నీ కసురుకోని బావ అతని మీదికి చెర్నాకోల తీసుకుని వెళ్ళాడట. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. 'మిత్రమా' లేదు.

"ఒరేయ్, దాన్ని కాటాకి మాత్రం వెయ్యను. ఎవుడన్నా ఒక్కణ్ణి తీసుకురా. పాత కార్లంటే తెలిసినోణ్ణి. ఊరికే ఇచ్చేస్తా. పైసా వద్దు. వచ్చి, చూసి, అడిగి తీసుకెళ్ళేవాడు కావాల."

"చూస్తాలే బావా."

"చూస్తాలే అనమాక. తీసుకురా."

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చేశాడు. ఆ మర్నాడూ చేశాడు. నేను పనిలో ఉండి ఎత్తకపోతే మా ఆవిడకి చేసేవాడు. చివరికి అక్క ఫోన్ తీసుకుంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే ఇంకా భయం వేసింది.

"తమ్ముడూ, కారు సంగతి నాకు తెలవదు. మనిషి సంగతి చూడు. అన్నం సయించట్లేదు. పొద్దున లేస్తే పోయి ఆ బ్యారన్ ముందు కూకుంటన్నాడు. వాళ్ళు పొక్లెయిన్ తెస్తే దాని కింద పడుకునేట్టున్నాడు. ఎవురో ఒకర్ని తీసుకొచ్చి ఆ ముచ్చటేదో తీర్చు."

మా కోల్డ్ స్టోరేజీకి వచ్చే ఒక వ్యాపారి ద్వారా దొరికాడు, తాడేపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున తోటలో పాత కార్లు చేర్చుకునే ఒక కాంట్రాక్టరు. ఫోన్లో మర్యాదగా మాట్లాడాడు. అంబాసిడరు, కడిగి కప్పి పెట్టింది, ఎండా వానా తగల్లేదు అని చెప్తే ఉత్సాహపడ్డాడు కూడా. వినుకొండలో ఇంకో బండి చూసే పనుంది, మీదీ చూసి వెళ్తానన్నాడు.

ఆ రోజు నేను పొద్దున్నే వెళ్ళేసరికి బావ తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. అక్క మజ్జిగలో అల్లం దంచి వేస్తోంది. చాలా రోజుల తర్వాత బావ ముఖంలో నెత్తురు కనిపించింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏ వరసలో చెప్పాలో చెప్పుకున్నాడు.

"ముందు కొన్ననాటి సంగతి. తర్వాత మన బడి అయ్యోరు పరీక్షకని ఎక్కి, కంగార్లో ఆ పరీక్ష కాయితమేదో ఇంట్లోనే మర్చిపోతే మళ్ళీ వెనక్కి తోలిన సంగతి. పురుళ్ళ సంగతి ఎట్టా చెప్పాల్రా, పెద్దమనిషి దగ్గర? చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు బావా."

"మీ అక్క చెయ్యి పట్టుకుని ఒకామె కొరికింది చూడు, ఆ మచ్చ సంగతి చెప్తా. ఆపేసిన సంగతి ఆఖర్న చెప్తా. అది చెప్తే నాకు గొంతు పట్టేస్తది."

ఎండ ముదిరే వేళకి ఆయన వచ్చాడు, ఒక మెకానిక్కుని వెంటబెట్టుకుని. మంచి మనిషి. అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు తానే అరుగు మీద పెట్టాడు. పొలంలోకి నడిచాం. రేకు తలుపు దగ్గర బావ ఆగి పక్కకి తప్పుకున్నాడు.

"మీరే తియ్యండి సార్."

ఆయన తలుపు లాగాడు. చీకట్లో గుండెల ఎత్తున ఆ మూట. ఆయనకి నవ్వొచ్చింది. "ఇదేంటండీ, బస్తా కుట్టినట్టు కుట్టారు!" అన్నాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. బావ కూడా నవ్వి, రెండు చేతులతో కొడవలి అందించాడు, పురికొస కొయ్యమని.

కుట్టు తెగుతుంటేనే వాసన వచ్చింది. ఇనుము తడిసి తడిసి మగ్గిన వాసన. మెకానిక్కు పట్టా లాగాడు. పట్టా లోపలి వైపంతా నీటి బొట్లు. వాటి కింద కారు ఆకారం ఉంది. తెలుపు ఎక్కడా లేదు. మెకానిక్కు ముందు తలుపు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. తలుపు పట్టుకుని లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. వంగి కిందికి టార్చి వేసి చూసి, తన యజమాని వైపు తల అడ్డంగా ఊపాడు. కారుకి అడుగు రేకు లేదు. సీట్లు నేల మీదికి దిగిపోయి ఉన్నాయి.

"కడిగి కుట్టారా?" అని అడిగాడు ఆయన, మెల్లగా.

"అవును సార్. శుభ్రంగా కడిగి, బొట్టెట్టి, ఆ సాయంత్రమే కుట్టేశా."

"ఆరనివ్వలేదా?"

బావ నా వైపు చూశాడు. తడి కాయ మూట కడితే బూజు పట్టి పోతుందని ఊరందరికీ చెప్పే మనిషి ఆయన. కళ్ళంలో వేళ్ళకి ఒక్క మెత్తకాయ తగిలితే కట్టిన టిక్కీ మళ్ళీ విప్పించే మనిషి. ఇనుము పంట కాదు కదా అనుకున్నాడు కాబోలు. ఎండా వానా తగలకూడదనుకున్నాడు గాని, తను పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో అనుకోలేదు.

"ఏమీ అనుకోకండి పెద్దాయనా," అన్నాడు ఆ కాంట్రాక్టరు. "చెట్టు కింద ఊరికే వదిలేసినా ఇంతకన్నా బాగుండేది. గాలి తగిలేది. దీన్నేం చెయ్యలేం."

నిజమే చెప్పాడు. నాకు ఆ నిజం మీదే కోపం వచ్చింది. చేతులు తుడుచుకుని ఆయన బయటికి రెండడుగులు వేశాడు. అప్పుడు బావ ఆయన వెనకే వచ్చి, చెయ్యి పట్టుకోబోయి ఆగి, "సార్, మీరేం అడగలా," అన్నాడు.

"ఏం అడగాలండీ?"

"అదే. ఎవరెవరెక్కారో."

ఆయనకి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, చేతిలో ఫోను జేబులో పెట్టేసుకుని, వెనక్కి వచ్చి, బావ ఎదురుగా నిలబడ్డాడు. "చెప్పండి. ఎవరెవరెక్కారు?" అన్నాడు. నిజంగా అడిగాడు. తొందర పెట్టలేదు. మెకానిక్కుని కూడా ఆగమని చేత్తో సైగ చేశాడు.

బావ కారు వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. పొద్దున నాకు చెప్పిన వరసంతా నాకు గుర్తుంది. అయ్యోరి సంగతని అందిద్దామా అనుకున్నాను. బావ అంతసేపూ ఆ పడిపోయిన సీటు వైపే చూశాడు, అక్క కూర్చునే వెనకసీటు వైపు.

"ఏముంది సార్," అన్నాడు. "అందరూ ఎక్కారు."

ఇంకాసేపు ఆగాడు ఆయన. ఇంకేమీ రాలేదు. "మంచిదండీ," అని బావ భుజం మీద చెయ్యి వేసి, వెళ్ళిపోయాడు.

గట్టు మీద నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే బావ ఒక్కసారే మాట్లాడాడు. "తుప్పు కాదురా. నేనే తినేశా దాన్ని," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన అడుగు ఆపకుండా నడుస్తూనే ఉన్నాడు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని కాదు, మా వెనకాల వచ్చేవాళ్ళ కోసం చూస్తోంది. ఎవరూ లేరు.

"ఏమయ్యా, ఏమన్నాడు? తీసుకుంటాడంటనా?"

బావ కాళ్ళు కడుక్కుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు. "తీసుకోడంట. పాతదైపోయిందన్నాడు. అడిగాడు మాత్రం."

"అడిగాడా?"

"అడిగాడే. అన్నీ అడిగాడు. ఎప్పుడు కొన్నారు, ఎవరెవరెక్కారు, అన్నీ. నీ చేతి మీద మచ్చ సంగతి కూడా చెప్పా."

అక్క కుడిచెయ్యి తిప్పి మచ్చ చూసుకుంది. సిగ్గుపడింది. "అది కూడా చెప్పాలా, పెద్దమనిషి దగ్గర," అని, నా వైపు తిరిగింది. "నిజమేనా తమ్ముడూ? విన్నాడా?"

"విన్నాడక్కా. నిలబడి అంతా విన్నాడు," అన్నాను.

ఆ తర్వాతి వారం బ్యారన్ పడగొట్టారు. కారు కాటాకి పోయింది. బావ ఆ వైపు వెళ్ళలేదు. గుంటూరు రమ్మని ఎంత పిలిచినా రాలేదు. టీవీలో తలుపు ముందుకి ఆ బొద్దు మనిషి వస్తుంటే, లేచి రిమోట్ అక్క చేతికి ఇచ్చి బయటికి పోయేవాడట. వాన ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు.

పెద్దకర్మ రోజు ఆ ఊరంతా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ వచ్చారు. ఆ కారులో అత్తారింటికి వెళ్ళినవాళ్ళు, ఆ కారులో పుట్టినవాళ్ళు. అక్క గోడకి ఆనుకుని కూర్చుని, పలకరించిన ప్రతి మనిషికీ అదే చెప్పింది. ఆయన కారు చూట్టానికి తాడేపల్లి నుంచి ఒక పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చాడని, తీసుకెళ్ళకపోయినా నిలబెట్టి అన్నీ అడిగాడని, ఈయన అన్నీ చెప్పుకున్నాడని. వాళ్ళు "ఓహో, అట్టాగా," అన్నారు. తల ఊపారు. కాఫీ గ్లాసులు కింద పెట్టి భోజనాలకి లేచారు. నేను గుమ్మం పక్కనే నిలబడి చివరిదాకా విన్నాను. ఏమడిగాడమ్మా, ఏం చెప్పాడు అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.